సాహిత్యంలో 'రసం' అనే మాటకూ వంటకూ నిజంగా సంబంధం ఉందా?

ఉంది, నాటకకళ గురించిన ప్రాచీన గ్రంథం నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతముని రసాన్ని వంటతో పోల్చే వివరించాడు. బెల్లం, దినుసులు, ఓషధులు కలిస్తే దేనికీ విడిగా లేని కొత్త రుచి వస్తుంది. అలాగే పాత్రలో స్థిరంగా ఉన్న ఒక భావానికి, అంటే స్థాయీభావానికి, కారణాలు, పైకి కనిపించే చేష్టలు, వచ్చిపోయే చిన్న భావాలు తోడైతే రసం తయారవుతుంది. తోడయ్యే ఈ మూడింటినే వరసగా విభావాలు, అనుభావాలు, సంచారీభావాలు అంటారు.

హరిశ్చంద్రుడి కథలో కాటి సీను తీసుకోండి. స్థాయీభావం శోకం. లోహితాస్యుడి శవం, శ్మశానం దానికి కారణాలు. చంద్రమతి కన్నీళ్లు అనుభావం. మధ్యమధ్య దైన్యం, చింత వచ్చిపోతుంటాయి. ఇక కాటిసుంకం అడుగుతున్నది కన్నతండ్రే అన్న సంగతి పులుసులో చింతపండు లాంటిది. అది తీసేస్తే మిగతావన్నీ ఉన్నా సీను చప్పబడిపోతుంది.

రసం అంటే పాత్ర పడే ఎమోషన్ అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పాత్రది శోకం, చూసేవాళ్లకు అందేది కరుణరసం. రుచి తెలిసేది తినేవాడికే గానీ గిన్నెకు కాదు కదా! దినుసులు కుదరనప్పుడు స్టేజీ మీద నటుడు వెక్కివెక్కి ఏడుస్తున్నా జనం నవ్వేది ఇందుకే.