లో కిక్ విభాగంలో పేరిచ్చిన మా బుజ్జమ్మకి

బుజ్జమ్మా,

నువ్వు కిక్‌బాక్సింగ్ పోటీకి పేరిచ్చావని, అదీ లో కిక్, అంటే ఎదుటివారి కాలి మీద కూడా తన్నే విభాగంలోనని రాత్రి అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఫోన్ పెట్టేశాక మాత్రం నీ కాలి ఎముకలే గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

మౌత్ గార్డ్, చేతి కట్లు, బరువు చూసుకోవడం అన్నీ మీ కోచ్ చెబుతారు. నిబంధనలు మాత్రం నువ్వే చదువు. ఈ విభాగంలో కాలి మీద వేసే తన్ను తొడకే తగలాలి, లోపలి వైపైనా బయటి వైపైనా సరే. ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిసిన ఆట) పోటీలు చూసి పిక్క మీద తన్నడం అలవాటు చేసుకున్నావేమో, అది ఇక్కడ పనికిరాదు.

తొడ మీద తన్ను ఎందుకంత పని చేస్తుందో ముందు అర్థం చేసుకో. ఎదుటి మనిషి ముందు కాలు నీకు అన్నిటికన్నా దగ్గర, ఆమె చేతులకు దూరం. బరువంతా ఆ కాలి మీద ఉన్న క్షణంలో దాన్ని ఎత్తలేదు, వెనక్కి లాక్కోలేదు. అప్పుడు నీ షిన్‌కీ, అంటే మోకాలి కింద ముందు వైపు ఎముకకీ, తన తొడ ఎముకకీ మధ్య కండ నలుగుతుంది. ఒక్క తన్నుతో మనిషి పడిపోదు. నాలుగైదు పడ్డాక కాలు మొద్దుబారుతుంది, అడుగు ఆలస్యమవుతుంది, గుద్దులో బలం పోతుంది. గుద్దు బలం నేలనుంచే కదా రావాలి! 1988లో లాస్ వేగస్‌లో థాయ్ యోధుడు చాంగ్‌ప్యూక్ కియత్‌సోంగ్రిట్‌కి మొదటి రౌండ్‌లోనే దవడ విరిగింది. అయినా ఎదుటివాడైన అమెరికా కిక్‌బాక్సర్ రిక్ రూఫస్ తొడల మీద తన్నుతూనే పోయాడు. చివరికి నిలబడలేకపోయినవాడు రూఫస్.

తన్నే పద్ధతి నీకు తెలుసు, రెండు మాటలే చెబుతాను. ఎడమ అడుగు పక్కకి, కాస్త ముందుకి వేసి, మునివేళ్ల మీద తిరుగు. మడమ ఎదుటి మనిషి వైపు రావాలి. అప్పుడే తుంటి పూర్తిగా తిరుగుతుంది. గొడ్డలితో కట్టెను ఏటవాలుగా కొట్టినట్టు, పైనుంచి కిందికి దిగాలి. తగలాల్సింది మోకాలి చిప్పకి బెత్తెడున్నర పైన, తొడ బయటి వైపు. షిన్ నడిమి భాగంతో తన్ను, పాదం పైభాగంతో వద్దు. అక్కడ ఉన్నవన్నీ చిన్న చిన్న ఎముకలే.

ఇప్పుడు నా భయం చెబుతాను, శ్రద్ధగా చదువు. 2013 డిసెంబరు 28న లాస్ వేగస్‌లో యూఎఫ్‌సీ 168 అనే ఎంఎంఏ పోటీ జరిగింది. ఆండర్సన్ సిల్వా అంటే ఆ ఆటలో ఎంతో పెద్ద పేరు. క్రిస్ వైడ్‌మన్‌తో రెండో రౌండ్‌లో ఎడమ కాలితో లో కిక్ వేశాడు. ముందు గుద్దు లేదు, మాయ అడుగు లేదు, ఒంటి తన్ను. వైడ్‌మన్ మోకాలు ఎత్తాడు, అంతే. సిల్వా షిన్ కింది భాగం పోయి ఆ గట్టి మోకాలికి తగిలింది. కాలు వెనక్కి తెచ్చి నేల మీద పెట్టబోతే అది మధ్యలో వంగిపోయింది. మోకాలి కింద ఉండే రెండు ఎముకలూ విరిగాయి. షిన్ పైన మోకాలి దగ్గర లావుగా ఉంటుంది, కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. నీ సన్నని చోటు పోయి ఎదుటివారి లావు చోటును కొడితే విరిగేది నీదే.

2021 ఏప్రిల్ 24న అదే వైడ్‌మన్ యూరయా హాల్ మీద మొదటి తన్నుగా కుడి లో కిక్ వేశాడు. హాల్ ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. పదిహేడు సెకన్లలో పోటీ అయిపోయింది, వైడ్‌మన్ కాలు సరిగ్గా అలాగే విరిగింది. అప్పుడు మోకాలు ఎత్తి తన్నును అడ్డుకుని (దాన్నే చెక్ అంటారు) గెలిచినవాడికే ఆ గతి పట్టింది తల్లీ! ఎంత తెలిసినా ఒంటి తన్ను ఒంటి తన్నే.

అందుకే ముందు ఆమె చేతులకీ కళ్లకీ పని పెట్టు. జాబ్ (ముందు చేతి నేరు గుద్దు), క్రాస్ (వెనక చేతి నేరు గుద్దు), లెఫ్ట్ హుక్ (ఎడమ చేతి పక్క గుద్దు), ఆ తర్వాతే కుడి లో కిక్. రాబ్ కమన్, ఎర్నెస్టో హూస్ట్ లాంటి డచ్ ఆటగాళ్లు గుద్దుల వెనక లో కిక్ ఎలా దాచేవారో చూడు. నీ హుక్ ఆమె బరువును ముందు కాలి మీదకి నెడుతుంది, నీ తుంటినేమో తన్నుకి సిద్ధం చేస్తుంది. ఆమె ముందు మడమ మీదే కన్నుంచు. మడమ నేలకి ఆని ఉంటే తన్ను. తేలిగ్గా లేచి ఉందంటే మోకాలు ఎత్తడానికి కాచుక్కూర్చుందని అర్థం, తన్నకు. కుడి చెయ్యి ఊపుకి కిందికి పోయినప్పుడు ఎడమ చెయ్యి చెంప వదలకూడదు.

షిన్ గట్టిపడుతుందని ఎవరైనా సీసా దొర్లించమన్నా, అప్పడాల కర్రతో రుద్దమన్నా వినకు. ఎముక మీది సున్నితమైన పొర దెబ్బతినడం తప్ప ఏమీ ఉండదు. బ్యాగు మీద వారానికి మూడు రోజులు, కాలికి ఇరవై చొప్పున మూడు విడతలు, సగం బలంతో మొదలుపెట్టు. ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుంది, మధ్యలో విశ్రాంతీ కావాలి. ఒకే చోట వేలు పెడితే ప్రాణం పోయేంత నొప్పి, నడిచినా తగ్గకపోతే తన్నడం ఆపేసి డాక్టరుకి చూపించు.

తొడ మీద గట్టి దెబ్బ తగిలి ఇంటికొస్తే నాయనమ్మ కాపడం, నూనె మర్దన అంటుంది. ఎంత ప్రేమగా అడిగినా మొదటి రెండు రోజులు వద్దను. లోపల రక్తం కారుతున్న కండని వేడి చేసి పిసికితే వాపు పెరుగుతుంది, ఒక్కోసారి కండలోనే ఎముక పేరుకుంటుంది. ఐసు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టు, మోకాలు వంచి పడుకో. తొడ డప్పులా బిగుసుకుపోయి నొప్పి గంట గంటకీ పెరిగినా, పాదం తిమ్మిరెక్కినా, వేళ్లు పైకి లేవకపోయినా అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి వెళ్లు. అన్నయ్య తిడతాడని దాచావో, నేనే వచ్చి తిడతాను.

ఇంకొకటి. మీ డాబా మీద వేలాడే బ్యాగులో ఇసుక ఉందట. అది కిందికి దిగి రాయిలా గట్టిపడి ఉంటుంది, నువ్వు తన్నేదీ సరిగ్గా అక్కడే. నేను ఆదివారం వస్తున్నాను, విప్పి మళ్లీ నింపుదాం. పాత చీరలు, దుప్పట్లు చింపి పక్కన పెట్టమని వదినతో చెప్పు. అప్పటిదాకా దాన్ని తన్నకు.

మీ బాబాయి