యుద్ధాల మీద రాస్తానన్న అమ్మాయికి

అమ్మా,

నీ ఉత్తరమూ, దానితో పంపిన వ్యాసమూ అందాయి. రెండుసార్లు చదివాను. ఉక్రెయిన్, గాజా, మయన్మార్, కాంగో, సూడాన్ ఈ అయిదింటి కష్టాన్నీ ఆరు పేజీల్లో చెప్పాలని చూశావు. నీ బాధ నిజమైనదని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. కానీ చదవడం ముగించాక ఎక్కడ ఎవరు ఎవరిని ఎందుకు చంపుతున్నారో నాకు తెలియలేదు. నెత్తుటేర్లు పారాయని, మానవత్వం మంటగలిసిందని రాశావు. ఆ వాక్యాలను కాంగో దగ్గర నుంచి తీసి మయన్మార్ దగ్గర పెట్టినా నీ వ్యాసంలో ఏమీ మారదు.

నాలుగు దేశాలను పక్కన పెట్టు. సూడాన్ ఒక్కటే ఉంచు. గాజా గురించి, ఉక్రెయిన్ గురించి తెలుగు పాఠకుడికి రోజూ ఎంతో కొంత అందుతోంది. కోటి మందికి పైగా ఇళ్లు విడిచిపోయిన సూడాన్ గురించి మాత్రం అందేది చాలా తక్కువ. 2023 ఏప్రిల్, మే నెలల్లో ఆపరేషన్ కావేరి పేరుతో 3,800 మందికి పైగా భారతీయులను అక్కడి నుంచి తీసుకొచ్చారు. ఆ కొన్ని రోజులు సూడాన్ రాజధాని ఖార్టూమ్ మన వార్తల్లో ఉంది. మనవాళ్లు విమానం దిగగానే ఆ దేశం మన వార్తల్లోంచి దాదాపు మాయమైంది. దిగినవాళ్ల వెనక ఏం జరిగిందో నువ్వు రాయాలి.

సైన్యానికీ, ఒక సాయుధ దళానికీ మధ్య 2023లో మొదలైన సూడాన్ యుద్ధాన్ని నువ్వు ‘తరతరాల జాతివైరం’ అన్నావు. ఆ మాట కొట్టేయి. తరతరాలది అనగానే చేసినవాడు తప్పించుకుంటాడు. సూడాన్ పడమటి ప్రాంతమైన దార్ఫుర్‌లో పంట వేసుకునేవాళ్లకూ, ఒంటెలూ పశువులూ తోలుకుంటూ తిరిగేవాళ్లకూ మధ్య నేల కోసం, నీళ్ల కోసం తగాదాలు ఎప్పటి నుంచో ఉన్నమాట నిజమే. ఇరువైపులా ఉన్నది ముస్లింలే కాబట్టి దీన్ని మతయుద్ధంగా ఊహించుకునే పాఠకుడికి ఆ సంగతి ముందే చెప్పు. తగాదాను ఊచకోతగా మార్చింది ప్రభుత్వం. 2003లో దార్ఫుర్‌లో తిరుగుబాటు మొదలైతే, దాన్ని అణచడానికి అప్పటి అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ సర్కారు కొన్ని అరబ్బు తెగల మనుషులకు తుపాకులిచ్చి ఊళ్ల మీదికి వదిలింది. వాళ్లే జంజవీద్‌లు. 2013లో ఆ ముఠాలను చేరదీసి ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అని పేరు పెట్టారు, తర్వాత చట్టం చేసి గుర్తింపూ ఇచ్చారు. దాని నాయకుడు మహమ్మద్ హమ్దాన్ దగాలో. అందరూ హెమెద్తీ అంటారు. దార్ఫుర్ బంగారు గనులు అతని చేతికి వచ్చాయి. సొంత ఆదాయం, సొంత సైన్యం ఉన్నవాడు ఇక ఎవరి మాటా వినక్కర్లేదు.

ఇక్కడి నుంచి నిదానంగా రాయి, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది. 2019లో జనం నెలల తరబడి వీధుల్లోకి వచ్చి బషీర్‌ను దించారు. సైన్యాధిపతి అబ్దుల్ ఫత్తాహ్ అల్ బుర్హాన్, హెమెద్తీ ఇద్దరూ పౌర నాయకులతో అధికారం పంచుకున్నట్టే పంచుకుని, 2021 అక్టోబరులో ఇద్దరూ ఒక్కటై ఆ నాయకులను తోసేశారు. మళ్లీ పౌరపాలనకు దారి వేయడానికి 2022 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. అప్పుడు పీటముడి పడింది: హెమెద్తీ దళాన్ని సైన్యంలో ఎన్నేళ్లలో కలపాలి? రెండేళ్లు చాలని సైన్యం, పదేళ్లు కావాలని హెమెద్తీ పక్షం. 2023 ఏప్రిల్ 15న, రంజాన్ మాసంలో, రాజధాని నడిబొడ్డున కాల్పులు మొదలయ్యాయి. గడువు గురించిన ఆ పట్టుదలను పాఠకుడికి అర్థమయ్యేలా రాస్తే, ఈ యుద్ధం ఆకాశం నుంచి ఊడిపడలేదని నువ్వు విడిగా చెప్పనక్కర్లేదు.

తర్వాత ఎల్ ఫాషర్ దగ్గర ఆగు. ఉత్తర దార్ఫుర్ రాజధాని అది. హెమెద్తీ దళం దాన్ని దాదాపు ఏడాదిన్నర ముట్టడించింది, చుట్టూ పొడవాటి మట్టికట్ట పోసి తిండీ మందులూ లోపలికి పోకుండా చేసింది. లోపలివాళ్లు అంబాజ్ తిన్నారు. అంటే నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క, మన ఊళ్లలో గేదెలకు పెట్టేదే. చివరికి అదీ దొరకలేదు. ‘ఆకలితో అలమటించారు’ అని రాసే బదులు ఆ చెక్క గురించి రాయి. గానుగ దగ్గర దాని వాసన తెలిసిన మనవాళ్లకు వేరే విశేషణం అక్కర్లేదు.

2025 అక్టోబరు 26న ఆ నగరంలోని సైనిక స్థావరం హెమెద్తీ దళం వశమైంది. తర్వాతి రోజుల్లో అక్కడి సౌదీ ఆసుపత్రిలో రోగులూ, తోడున్నవాళ్లూ కలిపి 460 మందికి పైగా హతమైనట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. నగరంలో ఆ దళంవాళ్లు చంపుతూ తమ ఫోన్లలో తామే వీడియోలు తీసుకున్నారు. స్థావరం పడడానికి సరిగ్గా 20 రోజుల ముందు, అక్టోబరు 6న, అంతర్జాతీయ నేర న్యాయస్థానం అలీ కుషైబ్ అనే జంజవీద్ నాయకుణ్ణి 2003-04 నాటి దార్ఫుర్ నేరాలకు దోషిగా తేల్చింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టు. వ్యాఖ్యానం చేయకు.

సైన్యం పాపాలనూ దాచకు. సంతల మీద విమానాల నుంచి బాంబులు వేసింది సైన్యమే. బుర్హాన్, హెమెద్తీ ఇద్దరి మీదా 2025 జనవరిలో అమెరికా ఆంక్షలు పెట్టింది. అలాగని ‘ఇద్దరూ ఇద్దరే’ అని చేతులు దులుపుకోవద్దు. పశ్చిమ దార్ఫుర్‌లోని ఎల్ జెనీనాలో మసాలిత్ అనే అరబ్బేతర తెగవాళ్లను ఇల్లిల్లూ వెతికి చంపింది హెమెద్తీ దళమూ దాని తోడు ముఠాలూ. ఏ పని ఎవరిదో ఆ పేరు పక్కనే ఉండాలి.

బయటి చేతుల గురించి రాసేటప్పుడు మరింత జాగ్రత్త. హెమెద్తీకి యూఏఈ నుంచి ఆయుధాలు వస్తున్నాయన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2024లో చెప్పింది. యూఏఈ కాదంటోంది. బుర్హాన్ చేతిలోని సూడాన్ ప్రభుత్వం యూఏఈ మీద హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి (పైన చెప్పిన నేర న్యాయస్థానం వేరు) వెళితే, తనకు విచారణాధికారం లేదని 2025 మేలో ఆ కోర్టు కేసు కొట్టేసింది, నిజానిజాల్లోకి పోలేదు. ఈ మూడు ముక్కలూ ఉండాలి. సూడాన్ బంగారంలో ఎక్కువ భాగం చేరేది దుబాయికే. యూఏఈ మనవాళ్లు లక్షల మంది బతుకుతెరువు కోసం వెళ్లిన దేశం, దుబాయి మన ఇళ్ల పెళ్లిళ్లకు నగలు కొనుక్కొచ్చే ఊరు. నువ్వు తెలుగులో రాస్తున్నావు కనక ఈ పేరా నీకు తప్పదు.

మృతుల సంఖ్య అడిగావు. పదుల వేల నుంచి లక్షన్నరకు పైబడి దాకా అంచనాలున్నాయి. ఏదో ఒక అంకె ఎంచుకుని ఢంకా బజాయించకు. ఎవరు లెక్కవేశారో చెప్పు, ఆసుపత్రులు మూతపడి, ఫోన్లు పనిచేయని చోట లెక్క ఎందుకు తేలదో చెప్పు.

చివరిది, నీ వ్యాసంలో బొత్తిగా లేనిది. సూడాన్ వాళ్లను నువ్వు ఏడ్చేవాళ్లుగానే చూపించావు. పేటల్లో కుర్రవాళ్లు అత్యవసర సహాయ బృందాలుగా ఏర్పడి, విదేశాల్లోని బంధువులు పంపిన డబ్బుతో సామూహిక వంటశాలలు నడిపారు. గింజలూ పప్పూ ఉడికించి వీధికింత పంచారు. అందుకు వాళ్లలో కొందరిని రెండు పక్షాలూ పట్టుకెళ్లాయి, కొందరు చనిపోయారు. బషీర్‌ను దించిన జనం వీళ్లే. ఈ దేశం గురించి నాకు అన్నిటికంటే గౌరవం కలిగించిన సంగతి ఇది. నీ వ్యాసంలో సగం వీళ్లకు ఇచ్చినా నేను ఎక్కువనను.

తిరగరాసి పంపు. పేజీలు తగ్గినా ఫరవాలేదు. పటం ఒకటి దగ్గర పెట్టుకో. ఎల్ ఫాషర్ నుంచి, జనం పారిపోయి తలదాచుకున్న తవీలా అనే ఊరికి సుమారు 60 కిలోమీటర్లు. నగరం పడ్డాక బతికినవాళ్లలో చాలామంది పిల్లల్ని ఎత్తుకుని ఆ దారినే నడిచారు. దారిలో వాళ్లను ఎవరు ఆపారో, ఏం అడిగారో, ఎంత డబ్బు గుంజారో వాళ్లే చెప్పిన వాంగ్మూలాలు ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం నివేదికల్లో ఉన్నాయి. ముందు అవి చదివి, తర్వాత కలం పట్టు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి