హార్మోన్ చికిత్స వాడాలా వద్దా? నా గద్వాల బ్లౌజు పీసు సంగతి

అడిగినావిడకు 49 ఏళ్లట. పది నెలలుగా ముట్టు రావడం లేదు. ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రుళ్లు నిద్ర లేదు. డాక్టరమ్మ హార్మోన్లు రాస్తే, ఇంట్లోవాళ్లు క్యాన్సర్ వస్తుందని భయపెడుతున్నారు. వాడాలా వద్దా అని అడుగుతున్నారు.

నాకు 52. రెండేళ్లుగా వాడుతున్నాను. మీ డాక్టరు అన్నీ చూసే రాసి ఉంటే వాడండి అనే చెబుతాను. ఇంట్లోవాళ్లను మాత్రం ఈ విషయంలో అడగకండి. రాత్రి రెండింటికి లేచి ముఖం కడుక్కునేది వాళ్లు కాదు.

మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ దగ్గర సందులో నాది టైలరింగ్ షాపు. రెండేళ్ల కింద మాఘమాసం, పెళ్లిళ్ల సీజన్. ఒక పెళ్లికూతురిది గద్వాల పట్టు, ముదురాకుపచ్చ బ్లౌజు పీసు. చీరతో కలిపి నేసిన పీసు అది, పాడైతే ఇంకోటి దొరకదు. సుద్దతో గీతలు గీసుకుని కత్తెర తీసుకున్నాను. ఛాతీలో మొదలైంది. మెడ, చెవులు, ముఖం, ఉడుకుతున్న గిన్నె మూత తీసి మీద వంగినట్టు. ఎండాకాలం కూడా రాలేదు, పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. గడ్డం మీంచి ఒక చుక్క జారి సరిగ్గా వీపు ముక్క నడుమ పడింది. పొడిగుడ్డతో అద్దాలి. ఇన్నేళ్లుగా పనికొచ్చిన పిల్లలందరికీ నేను చెప్పే మాటే అది. ఆ గాబరాలో కొంగుతో తుడిచేశాను. సుద్ద, చెమట కలిసి రూపాయి బిళ్లంత మచ్చ.

పెళ్లికూతురి తల్లి వచ్చి చూసి, "ఇన్నేండ్ల సంది నీ దగ్గర్నే కుట్టిస్తున్న, గిదేందక్కా?" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మచ్చ మీద మగ్గం వర్క్‌తో నెమలి వేయించి, ఆ డబ్బులు నేనే పెట్టుకున్నాను. పెళ్లిలో అందరూ ఆ నెమలిని మెచ్చుకున్నారట, అది వేరే సంగతి. ఆ రాత్రి షాపు కట్టేసి కూర్చుని ఏడ్చాను. ఆవిర్ల కన్నా నిద్ర లేకపోవడమే నన్ను తినేసింది. మూడు గంటలు పడుకుని లేచిన చేతికి కత్తెర లొంగదు.

అంతకుముందు అందరి మాటా విన్నాను. మా అత్తమ్మ, "మాకు ఆగలేదా? పీడ వొయ్యిందనుకున్నం, గంతే" అంది. మా ఆడబిడ్డ మెంతులు నానబెట్టుకోమంది. టీవీలో చూసి పిల్లితీగ వేరు పొడి తెప్పించుకుని నాలుగు నెలలు తాగాను. కడుపు నిండింది, నిద్ర రాలేదు. మా ఆయన వాట్సాప్‌లో వచ్చిందల్లా చదివి వినిపించేవారు.

నెమలి దెబ్బకు డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ముందు ఆమె ఏమీ రాయలేదు, అడిగింది. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉందా, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టిందా, గుండెపోటు, పక్షవాతం, లివర్ జబ్బు ఉన్నాయా, ముట్టు ఆగాక మళ్లీ ఎప్పుడైనా రక్తం కనిపించిందా అని. బీపీ చూసి, మామోగ్రామ్ అంటే రొమ్ముల ఎక్స్‌రే, గర్భసంచి స్కాన్ చేయించింది. మీ డాక్టరు ఇవి అడగకుండానే రాసి ఉంటే మాత్రం ఇంకొకరికి చూపించుకోండి.

క్యాన్సర్ సంగతి నేనే అడిగాను. చీటీ వెనక రాసి చూపించింది. 2002లో అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. ఈ భయమంతా అక్కడిదే. అందులో చేరినవాళ్ల సగటు వయసు 63. వాళ్లకు ఇచ్చిన ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ చూడి గుర్రాల మూత్రం నుంచి తీసింది. (ఈ ముక్క అత్తమ్మకు చెప్పలేదు, చెబితే నన్ను వంటింట్లోకి రానివ్వదు.) ఏడాదికి పదివేల మందిలో, ఉత్తుత్తి గోలీ మింగినవాళ్లలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తే, ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ లాంటి ఇంకో హార్మోన్ కూడా తీసుకున్నవాళ్లలో 38 మందికి వచ్చింది. ఎనిమిది మంది ఎక్కువ. అది లేదని నేననను. కానీ అరవై లోపు, ముట్టు ఆగిన పదేళ్లలోపు మొదలుపెడితే, ఇబ్బంది ఎక్కువున్న చాలామందికి లాభమే ఎక్కువని ఇప్పుడు డాక్టర్ల మాట. 2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ కూడా ఈ మందుల మీది పెద్ద హెచ్చరికలు చాలావరకు తీసేస్తామని ప్రకటించింది.

నాకు పొద్దున చేతికి రాసుకునే ఈస్ట్రోజన్ జెల్, రాత్రికి ప్రొజెస్టిరాన్ గోలీ ఇచ్చారు. గర్భసంచి ఉన్నవాళ్లకు ఆ రెండోది తప్పదు, లేకపోతే సంచి లోపలి పొర మందమై క్యాన్సర్ వైపు పోవచ్చు. నోటితో మింగే ఈస్ట్రోజన్‌తో రక్తం గడ్డకట్టే భయం కొంత ఉంటుంది, జెల్‌తో అది పెరగదట. మొదటి రెండు నెలలు రొమ్ములు సలిపాయి, అప్పుడప్పుడు మరకలు పడ్డాయి. మూడో వారానికే నిద్ర పట్టింది. నెల ఖర్చు లైనింగ్ బ్లౌజు కుట్టుకూలి అంత. ఏడాదికోసారి పోయి చూపించుకుంటాను.

మందుల షాపు పిల్లాడి గురించి కూడా చెప్పాలి. పదిమంది ముందు "హార్మోన్ల గోలీలా ఆంటీ, ఎవరికి?" అని అరిచాడు. షుగరు గోలీలు అడిగితే ఎవరూ అట్లా అరవరు.

ఇప్పుడు అసలు కడుపుమంట. మా చెల్లెలిది దేవరకద్ర దగ్గర ఊరు. 36 ఏళ్లప్పుడు తెల్లబట్ట అవుతోందని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే, "పిల్లలు పుట్టిన్రు కదా, ఇంక సంచి ఎందుకు, ఉంటే క్యాన్సర్ అయితది" అని ఆపరేషన్ చేసి పంపారు. ఇంట్లో ఎవరూ అడ్డం చెప్పలేదు, నాతో సహా. మందులు వాడితే తగ్గేదానికి ఊరూరా ఆడవాళ్ల కడుపులు కోశారు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో కూడా, ఆంధ్ర, తెలంగాణలదే ముందు వరుస. అప్పుడు గమ్మున సంతకాలు పెట్టిన మగవాళ్లే ఇప్పుడు నా జెల్ ట్యూబు చూసి క్యాన్సర్ అంటారు.

చెల్లెలికి ఆపరేషన్ అయిన నెలలోనే ఆవిర్లు మొదలయ్యాయి. మొన్నామధ్య పత్తి చేలో జారి మణికట్టు విరిగింది. ఇప్పుడామెకు 47. బలవంతంగా మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. పాత కాగితాలేమైనా ఉన్నాయా అంటే, ట్రంకు పెట్టెలో పట్టాదారు పాస్‌బుక్కుతో పాటు దాచిన డిశ్చార్జి కాగితం తెచ్చింది. డాక్టరమ్మ చదివి, "అండాశయాలు రెండూ కూడా తీశారు, మీకు చెప్పలేదా?" అంది.

ఎవరూ చెప్పలేదు. ఒంట్లో ఈస్ట్రోజన్ ముఖ్యంగా తయారయ్యేది ఆ అండాశయాల్లోనే, అది ఆగితే ఎముకలు కూడా బలహీనపడతాయట. ఆ వయసులో రెండూ తీసేస్తే, వాడకూడని జబ్బేమీ లేకపోతే, మామూలుగా ముట్టు ఆగే వయసు దాకా హార్మోన్ ఇవ్వాలట. చెల్లెలికి సంచి లేదు కాబట్టి ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోయేది. ఆ అమెరికా పరిశోధనలో ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్లకు రొమ్ము క్యాన్సర్ పెరగలేదు కూడా. నాకన్నా ఆమెకే ఎక్కువ అవసరం. పదకొండేళ్లు ఒట్టిగా పోయాయి. ఇప్పుడు ఎముకల పరీక్ష రాశారు, అది వచ్చాక హార్మోన్ సంగతి చూద్దామన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చెల్లెలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. దేవరకద్ర వచ్చే ముందర కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంటూ అడిగింది: "దానికి గూడ పైసలు తీసుకున్నరానే?"