ఉద్యోగం మానేస్తేనే దేవుని సేవా? – సమాధానం

దేవుని సేవ చేయడానికి గుంటూరులో మందుల దుకాణం పని మానేయాలా అని అడిగారు. మీకు దేవుని పిలుపు లేక కాదు, సేవ అంటే వేదికెక్కి వాక్యం చెప్పడమే అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. పని ఇప్పుడే మానకండి.

1. ఈ వారం కౌంటరు దగ్గరకు వచ్చినవారిలో మనసులో నిలిచిపోయిన ముగ్గురిని గుర్తుపెట్టుకోండి.

2. చాలామంది దాటేసే మెట్టు ఇది: వారికి ఏం కావాలో మీరే తేల్చేయకుండా, అడగండి. పెద్దాసుపత్రి చీటీతో వచ్చిన ముసలాయనకు ప్రసంగం అక్కరలేకపోవచ్చు. ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి అన్నది కవరు మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి. ఆయన చేత ఒకసారి చెప్పించుకోండి. ప్రార్థన చేయమంటారా అని అడగవచ్చు; వద్దంటే వదిలేయండి. ఇది సేవ కాదంటే నేను ఒప్పుకోను. 1883లో అమెరికా నుంచి మిషనరీగా గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరే అయినా, మిషను వారు మొదట అప్పగించింది వైద్యం కాదు, స్త్రీలకు బోధించే పని. అయినా ఆమె తన దగ్గరకు వచ్చిన రోగులను చూశారు. ఆమె ఆసుపత్రి పెట్టడం ఆ తరువాతి మాట.

3. ఇలా మూడు నెలలు చేశాక, పని మానాలా వద్దా అని మీ సంఘకాపరితో, ఇంట్లోవారితో కూర్చుని మాట్లాడండి. అప్పులుంటే వాటి వాయిదాల కాగితం కూడా ముందు పెట్టుకోండి.