డాబా మీద కుండీలో పెట్టడానికి మందారం మంచిదా, కాగితం పూల మొక్కా?
రెండింటికీ ఎండ కావాలి, రోజుకు కనీసం ఐదారు గంటలు. తేడా అంతా నీళ్ల దగ్గరే. మందారానికి దాహం ఎక్కువ, వేసవిలో రోజూ తడపకపోతే మొగ్గలు పండుబారి రాలిపోతాయి, పైగా తెల్లటి పిండిలా పట్టే పిండినల్లి పురుగు దాన్ని వదలదు (లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కూడా కొట్టండి). కాగితం పూల మొక్క పూర్తిగా రివర్స్. పైమట్టి ఎండాకే నీళ్లు పోయాలి, ముద్దు చేసి రోజూ పోసి, యూరియా కూడా వేశారంటే ఆకులే గుబురుగా వస్తాయి. అన్నట్టు, రంగురంగులుగా కనిపించేవి దాని రేకులు కావు, ఆకుల్లాంటివే. మధ్యలో ఉండే చిన్న తెల్లటి గొట్టమే అసలు పువ్వు. తరచూ ఊళ్లు తిరిగేవాళ్లైతే ఇదే పెట్టుకోండి. రోజూ పూజకు పూలు కావాలంటే మాత్రం మందారమే.