వాచీ వెనక బాణం గుర్తు ఉంటే కేసవుతుందా?

ప్రశ్న: బెంగళూరులో ఉంటాను, పాత మిలిటరీ వాచీలు పోగేయడం నా సరదా. చెన్నైలో పాత వాచీల వ్యాపారం చేసే ఒకాయన దగ్గర 38 వేలకు లాంజిన్స్ అనే స్విస్ కంపెనీ వాచీ తెప్పించుకున్నాను. 1945 బ్రిటిష్ ఆర్మీది, అంతా ఒరిజినల్ అని వాట్సాప్‌లో రాశాడు. తీరా చూస్తే డయల్‌కు కొత్తగా పెయింట్ వేశారు. డబ్బు వెనక్కి అడిగితే, బాణం గుర్తున్నది సర్కారు సొత్తు, కేసు పెడితే నువ్వే ఇరుక్కుంటావ్ అంటున్నాడు. ఇంకోటి, మొదటి ప్రపంచ యుద్ధం నాటి వాచీ అమెరికాలో మా బావకు పంపొచ్చా?

జవాబు: ఉత్త బెదిరింపు, టెన్షన్ పడకండి. ఆ బాణం బ్రిటిష్ సర్కారు తన సామాన్ల మీద కొట్టించుకున్న ముద్ర, అలాంటి వాచీలు దేశదేశాల్లో బాహాటంగా అమ్ముడవుతున్నాయి. దొంగసొత్తని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో తీసుకుంటేనే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద నేరం. అంతగా అయితే ముందు ఇరుక్కోవాల్సింది అమ్మినవాడే కదా!

అసలు సంగతి డయల్. అప్పట్లో బ్రిటిష్ సైన్యానికి లాంజిన్స్‌తో సహా 12 స్విస్ కంపెనీలు చేసిచ్చిన వాచీల వెనక డబ్ల్యూ.డబ్ల్యూ.డబ్ల్యూ. (వాచ్, రిస్ట్, వాటర్‌ప్రూఫ్) అని ఉంటుంది, వాటికి నల్ల డయల్, ఆరు దగ్గర చిన్న సెకన్ల ముల్లు ఉండాలన్నది సైన్యం పెట్టిన నియమం. మీరు పంపిన ఫోటోలో డయల్ తెల్లగా మెరుస్తోంది, ఆరు దగ్గర గీతలు వంకరగా పడ్డాయి. చెప్పిన వర్ణనకు సరుకు సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15 సెక్షన్ చెబుతుంది, కాబట్టి ‘అంతా ఒరిజినల్’ అన్న ఆ మెసేజే మీ కేసు. చాట్ చెరిపేయకండి, ఫోన్ మార్చకండి, ఆ చాట్‌ను దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63 సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేయాలి. నమ్మకమైన వాచీ మెకానిక్‌తో మూత తీయించి లోపలి నంబరు లాంజిన్స్‌కు పంపితే, పాత రిజిస్టర్లు చూసి అది ఏ ఏడాది ఎవరికి వెళ్లిందో చెబుతారు, అదీ పనికొస్తుంది. డయల్ మాత్రం గోకించకండి, ఆ కాలం వాచీలకు వెలుగు కోసం రేడియం పూసేవాళ్లు, దాని పొడి లోపలికి పోతే ఆరోగ్యానికి ప్రమాదం.

ముందు లాయర్ నోటీసు ఇవ్వండి. దారికి రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చెన్నై తిరగక్కర్లేదు, మీరుండే బెంగళూరులోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అయితే మీరు తిరిగి అమ్ముకోవడానికి కొన్నారని, అందుకే వినియోగదారు కిందికి రారని అవతలివాళ్లు వాదిస్తారు, కాబట్టి ఇది సరదా కోసం కొన్నదేనని చూపించాలి.

బావగారి సంగతి వేరు. 1914–18 నాటివి నూరేళ్లు దాటాయి, చారిత్రక విలువ ఉంటే 1972 పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు, అలాంటివాటిని సొంతంగా విదేశాలకు పంపడం నేరం. పార్సిల్ కట్టేముందు పురావస్తు శాఖకు చూపించి, పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోండి.