తెడ్డు మీది నీటి బొట్టు

అమ్మాయ్,

కరీబియన్‌లోని మస్కిటో బే అనే అఖాతంలో రాత్రిపూట వెలిగే నీళ్ల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఒకసారి ఇంట్లో, ఇంకోసారి పొద్దున వాకింగ్‌కి వెళ్లి ప్రకాశం బ్యారేజీ దగ్గర కూర్చుని. ఫోన్‌లో చదవలేనని తెలిసి మీ నాన్న గుంటూరులో ప్రింటు తీయించి మరీ పంపాడు. బాగుందమ్మా అని రెండు ముక్కలు రాసి ఊరుకోవచ్చు గానీ, 'మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ' అన్నావు కాబట్టి చెబుతున్నాను, తర్వాత తిట్టుకోకు.

మొదటి రెండు పేజీలు కొట్టేశాను. శాన్ హువాన్‌లో దిగడం, సేయిబాలో ఫెర్రీ కోసం క్యూ, నీ స్నేహితురాలి సూట్‌కేసు చక్రం ఊడిపోవడం, అంతా పోయింది. (చక్రం సంగతి మాత్రం దాచుకో, ఎప్పుడైనా ఒక కథకి పనికొస్తుంది.) ప్యూర్టో రికో నుంచి వియేకెస్ దీవికి ఎలా వెళ్లాలో కావలసినవాడు వెతుక్కుంటాడు. ఆ మస్కిటో బేలో, ఆ చీకట్లో, నీకేమైందో నువ్వు చెబితే తప్ప వాడికి తెలిసే దారి లేదు.

మూడో పేజీలో 'వెన్నెల్లో వెండిలా మెరిసే సముద్రం, అందులో నీలి మంటలు' అని రాశావు. ఈ రెండూ ఒకే రాత్రి ఎలా కుదిరాయి తల్లీ? నిండు వెన్నెల ఉంటే ఆ వెలుగు కంటికి సరిగ్గా ఆనదు, అందుకే జనం అమావాస్య చూసుకుని మరీ పడవలు బుక్ చేసుకుంటారు. ఇది నాకు పుస్తకాలు చదివితే తెలిసింది కాదు, పరువు పోతే తెలిసింది. చాలా ఏళ్ల కిందట అండమాన్‌లో హేవలాక్ వెళ్లాను, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. రాత్రి ఒడ్డున గంటసేపు నిలబడితే అలల అంచున ఏదో మసక మెరుపు, ఉందంటే ఉంది, లేదంటే లేదు. విజయవాడ వచ్చాక మాత్రం సముద్రం నీలంగా భగభగ మండిందని ఒక పత్రికకి రాసి పడేశాను. వారం తిరక్కుండా అరండల్‌పేట నుంచి ఒక పెద్దాయన కార్డు: 'అయ్యా, మీరు వేసిన తేదీకి పంచాంగం చూశాను, ఆ రోజు పౌర్ణమి.' అంతే, ఇంకో ముక్క లేదు. ఆ కార్డు ఇప్పటికీ నా డ్రాయరులో ఉంది.

అందుకే అడుగుతున్నాను. నువ్వు మస్కిటో బేలో ఈదానని రాశావు. అక్కడ ఈత నిషేధం కదా? ఒంటికి రాసుకునే సన్‌స్క్రీన్, దోమల మందు నీళ్లలో కలిస్తే ఆ వెలుగు పుట్టించే సూక్ష్మజీవులకు మంచిది కాదని ఆపేశారు. అదే ప్యూర్టో రికోలో లా పర్గేరాలో అయితే దిగనిస్తారు. నువ్వు రెండు చోట్లకీ వెళ్లి కలిపేశావా, లేక ఈదితే బాగుండేదని రాసేశావా? రెండోదైతే తీసెయ్. దిగాలని ఉండీ దిగలేక పడవ అంచు పట్టుకుని కూర్చున్న మనిషే నాకు ఇంకా ఇష్టం.

రంగు గురించి కూడా. నీ ఫోటోల్లో నీళ్లు నీలం ఇంకు పోసినట్టున్నాయి, వ్యాసం వాటిని చూసే రాశావని తెలిసిపోతోంది. కెమెరా పది, ఇరవై సెకన్లు కన్ను తెరుచుకుని వెలుగునంతా పోగేసుకుంటుంది. ఆ జీవి వెలిగేది సెకనులో పదో వంతు. నీకు నిజంగా కనిపించింది ఏ రంగు? పాల తెలుపా, బూడిద కలిసిన నీలమా? గుర్తు లేకపోతే గుర్తు లేదనే రాయి.

ఇక నీ వ్యాసం మొత్తంలో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆరో పేజీ, కింద నుంచి మూడో లైను: 'తెడ్డు పైకెత్తితే కారిన బొట్టు నా మోకాలి మీద పడి, ఒక్కసారి వెలిగి, మామూలు నీళ్లయిపోయింది.' అబ్బా, దీన్ని అంత కింద ఎందుకు పాతిపెట్టావు? పైన 'దీపావళి మతాబులు', 'నేలకు దిగిన నక్షత్రాలు' అన్నీ ఇది లేనివాళ్లు వాడుకునే సరుకు. వ్యాసం ఈ బొట్టుతో మొదలుపెట్టి చూడు.

నీది గుంటూరు. మిర్చి యార్డులోకి అడుగుపెడితే ఎరుపు కంటికి కనపడేలోపే గొంతులో ఘాటు దిగి దగ్గొస్తుంది కదా. చీకటి చోటు కూడా అంతే, ముందు ముక్కుకీ ఒంటికీ తెలుస్తుంది. ఆ అఖాతం చుట్టూ మడ చెట్లున్నాయి. నాగాయలంక వైపు మన మడ అడవుల్లో తిరిగినవాళ్లకి ఆ బురద కంపు చెప్పక్కర్లేదు. నీ వ్యాసంలో మాత్రం వాసనే లేదు, ఒక్క దోమా కుట్టలేదు, అదీ మస్కిటో బేలో!

ఆ మడ చెట్ల దగ్గరే నీ సైన్సు కూడా పెట్టేయొచ్చు. ఇప్పుడది పాఠ్యపుస్తకంలోంచి చించి అతికించినట్టుంది: పైరోడీనియం బహమెన్సే అని ఆ జీవి పేరు, దాన్ని వెలిగించే లూసిఫెరిన్, లూసిఫెరేస్ అనే రసాయనాలు, అన్నిటికన్నా ఎక్కువగా వెలిగే అఖాతమని 2006లో గిన్నిస్ రికార్డు, వరసగా. రాలిన ఆకులు కుళ్లి ఆ ఏకకణ జీవులకు మేత అవుతాయి, అఖాతం మూతి ఇరుకు కాబట్టి అవి సముద్రంలోకి కొట్టుకుపోకుండా అక్కడే పెరుగుతాయి. ఇదంతా పడవ ఆ ఇరుకు పక్కగా వెళ్తున్నప్పుడు చెప్పు. ఎందుకు వెలుగుతాయన్నది నీ చెయ్యి నీళ్లలో కదిలినప్పుడు చెప్పు. తనను తినడానికి వచ్చినదాన్ని బెదరగొట్టడానికో, దాన్ని తినే ఇంకా పెద్దదానికి చూపించి పట్టివ్వడానికో అంటారు శాస్త్రవేత్తలు. మన వీధిలో దొంగ దూరితే కేకలు పెట్టి అందరినీ లేపడం లాంటిది. నీ చేతిని చూసి అవి కేకలు పెట్టాయన్నమాట. ఆ సంగతి తెలిశాక చెయ్యి తీసేశావా, ఇంకాసేపు ఆడించావా?

ఇంకొకటి. 2017 సెప్టెంబరులో మారియా తుపాను కొట్టాక ఆ అఖాతం నెలల తరబడి చీకటిగా ఉండిపోయిందని ఒకే లైనులో దాటేశావు. మీ గైడు అక్కడివాడేనని నువ్వే రాశావు. వెలుగు పోయిన ఆ నెలల్లో ఏం చేసి బతికాడో అడిగావా? మన దివిసీమ ఉప్పెన గురించి మీ తాతయ్య చెప్పేవన్నీ విని పెరిగినదానివి, అడగకుండా ఉండి ఉండవు. అడిగి ఉంటే అతను ఎలా చెప్పాడో అలాగే రాయి, తెడ్డు ఆపి చెప్పాడా, వేస్తూనే చెప్పాడా అన్నది కూడా. అడగలేదంటే ఆ లైను అలాగే వదిలెయ్.

తిరగరాయడానికి తొందరేం లేదు. ఆ ఈత సంగతి మాత్రం ఈ ఆదివారం ఫోన్ చేసి చెప్పు, పొద్దున పది తర్వాత. అంతకుముందు నేను బ్యారేజీ మీద ఉంటాను, ఆ బళ్ల మోతలో ఏమీ వినపడదు.

మీ మాస్టారు